ఉద్దానం రోగికి పురుషాంగ క్యాన్సర్ కీమోథెరపీ: మందులను ఎంచిన తీరు, వచ్చిన ఫలితం

పురుషాంగ క్యాన్సర్ గజ్జల్లోని లింఫ్ గ్రంథులకు పాకి, ఆ గ్రంథులు నాలుగు సెంటీమీటర్లు దాటి పెరిగినప్పుడు లేదా చుట్టుపక్కల కండకు అతుక్కుని కదలనప్పుడు, ముందు కీమోథెరపీతో గడ్డను తగ్గించి ఆ తర్వాత ఆపరేషన్ చేయడం ఇప్పుడు అంతటా ఆమోదించిన పద్ధతి. అయితే అందుకు వాడే మందుల్లో చాలా భాగం కిడ్నీలను దెబ్బతీసేవో, కిడ్నీల గుండానే బయటికి పోయేవో అయి ఉంటాయి. శ్రీకాకుళం జిల్లాలో, ముఖ్యంగా దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు విస్తారంగా ఉన్న ఉద్దానం ప్రాంతపు కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల్లో పనిచేసే వైద్యుడికి ఇది పుస్తకంలో ఒక హెచ్చరికగా మిగిలిపోయే విషయం కాదు. ఇక్కడి నుంచి వచ్చే నడివయసు రైతుకూలీకి క్యాన్సర్ ఉందని తేలిన రోజునే, అతని కిడ్నీలు ఎంత మిగిలి ఉన్నాయన్న ప్రశ్న కూడా లేస్తుంది. ఈ కేసును వివరంగా రాయడానికి కారణం అదే. రోగి అనుమతి తీసుకున్నాను. అతన్ని గుర్తుపట్టగలిగే వివరాలను మార్చాను.

రోగి వయసు 52 సంవత్సరాలు. కొబ్బరి చెట్లెక్కి కాయలు దించడం అతని వృత్తి. చిన్ననాటి నుంచి ముందుతోలు వెనక్కి వచ్చేది కాదు. పెళ్లయి పిల్లలు పుట్టినా దాని గురించి ఎవరికీ చెప్పలేదు. ఇరవై ఏళ్లు నిండక ముందు నుంచే చుట్ట తాగుతున్నాడు. దాదాపు ఏడాదిగా తోలు కింద గట్టిగా ఏదో తగులుతూ, చీము, దుర్వాసన వస్తున్నా ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చిన పూతమందులతో, మాత్రలతో నెట్టుకొచ్చాడు. కుడి గజ్జలో గడ్డ పెరిగి చెట్టెక్కడానికి కాలు లేవని స్థితి వచ్చాక భార్య పట్టుబట్టి తీసుకువచ్చింది. ఇన్నాళ్లు ఎందుకు ఆగావని అడిగితే, "సెప్పడానికి సిగ్గేసినాది బాబూ, ఆడోళ్లకి సెప్పలేం, మగోళ్లకి సెప్పలేం" అన్నాడు. ఈ జబ్బులో ఆలస్యానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనిపించలేదు. ముందుతోలు బిగుసుకుపోవడం, దాని కింద ఏళ్ల తరబడి సాగే మంట, పొగాకు, హ్యూమన్ పాపిలోమా వైరస్ అనే నాలుగూ ఈ క్యాన్సర్‌కు స్థిరపడిన కారణాలే. వాటిలో మొదటిది చిన్న ఆపరేషన్‌తో ఎప్పుడో తీరిపోయి ఉండవలసింది.

పరీక్షలో పురుషాంగం కొనను దాదాపు నాలుగు సెంటీమీటర్ల మేర ఆక్రమించిన పుండు కనిపించింది. కుడి గజ్జలో 5.2 సెంటీమీటర్ల గ్రంథుల ముద్ద కింది కండకు అతుక్కుని ఉంది, పైచర్మం ఎర్రబారింది గాని చిట్లలేదు. ఎడమ గజ్జలో కదిలే రెండు చిన్న గ్రంథులు తగిలాయి. బయాప్సీలో మధ్యస్థ స్థాయి స్క్వామస్ సెల్ కార్సినోమా అని తేలింది. వైరస్‌తో సంబంధాన్ని సూచించే పీ16 పరీక్ష నెగటివ్‌గా వచ్చింది. కుడి గ్రంథి నుంచి సూదితో తీసిన నమూనాలో క్యాన్సర్ కణాలు కనిపించాయి, ఎడమ వైపు నమూనాలో మాత్రం వాపు కణాలే వచ్చాయి. ఎంఆర్‌ఐలో పురుషాంగం లోపలి స్తంభన కణజాలమైన కార్పస్ కావర్నోసమ్ వరకు వ్యాప్తి, సీటీ స్కాన్‌లో కుడి కటి భాగంలో 1.4 సెంటీమీటర్ల గ్రంథి కనిపించాయి. ఊపిరితిత్తులు, కాలేయం శుభ్రంగా ఉన్నాయి. టీ3, ఎన్3, ఎం0, అంటే నాలుగో దశ.

గజ్జల గ్రంథుల గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. చెప్పులు లేకుండా పొలంలో తిరిగే వాళ్లలో, కాళ్ల పగుళ్లు, పుళ్లు ఉన్న వాళ్లలో గజ్జల్లో బిళ్లలు కట్టడం మామూలే. పైగా ఈ జిల్లా బోదకాలు వ్యాధి ఎన్నాళ్లుగానో పాతుకుపోయిన ప్రాంతం. అందువల్ల పురుషాంగం మీద పుండుతో వచ్చిన మనిషికి కొన్ని వారాల పాటు యాంటీబయాటిక్ వాడి, గ్రంథి తగ్గుతుందేమో చూద్దామనే పాత అలవాటు ఇంకా పోలేదు. చేతికి తగిలే గ్రంథిని మొదటి రోజే సూదితో పరీక్షించాలి. ఆగిన వారాలు గ్రంథి అతుక్కుపోవడానికే పనికొస్తాయి. ఈ రోగికి బోదకాలు పరీక్ష నెగటివ్‌గా వచ్చింది.

ఇక కిడ్నీల సంగతి. కిడ్నీ పనితీరు తగ్గే కొద్దీ రక్తంలో పెరిగే క్రియాటినిన్ మొదటి రోజు 1.9. మూత్రంలో ప్రొటీన్ నామమాత్రంగా ఉంది, రక్తపోటు మామూలుగా ఉంది. అల్ట్రాసౌండ్‌లో రెండు కిడ్నీలూ కొంచెం చిన్నబడి ఉన్నాయి. ఉద్దానంలో కనిపించే కిడ్నీ జబ్బు తీరు ఇదే. ప్రొటీన్ పెద్దగా పోదు, బీపీ పెరగదు, కాళ్లు వాయవు. దానికి మూలకారణం ఇదీ అని ఇప్పటికీ నిర్ధారణ కాలేదు. మూత్రంలో పట్టీ ముంచి చూసి ప్రొటీన్ లేదు కాబట్టి కిడ్నీలు బాగున్నాయని అనుకుంటే ఈ రోగులందరూ చేయి జారిపోతారు.

అయితే 1.9 అంతా పాతజబ్బు వల్ల వచ్చిందేనా అన్నది తేల్చుకోకుండా మందుల మాట ఎత్తకూడదనుకున్నాం. ఒళ్లునొప్పులకని ఏళ్ల తరబడి డైక్లోఫెనాక్ మాత్రలు వాడుతున్నాడు. పుండుకు ఇన్ఫెక్షన్ ఉంది. రక్తంలో కాల్షియం 10.9 మాత్రమే కదా అనిపించింది గాని, ఆల్బుమిన్ 2.9కి పడిపోయి ఉన్నందున సరిచేసి లెక్కిస్తే 11.8 అయింది. ఈ క్యాన్సర్ ఎముకలకు పాకకపోయినా కాల్షియాన్ని పెంచగలదు, పెరిగిన కాల్షియం ఒంట్లోని నీటిని లాగేసి కిడ్నీని మరింత కుంగదీస్తుంది. నొప్పి మాత్రలు మాన్పించి, సెలైన్ ఎక్కించి, ఇన్ఫెక్షన్‌కు చికిత్స చేసిన రెండు వారాలకు క్రియాటినిన్ 1.5 దగ్గర నిలిచింది. అక్కడి నుంచి ఇక తగ్గలేదు. అదే అతని అసలు స్థాయి.

క్రియాటినిన్ 1.5 అన్న అంకె చూస్తే భయం వేయదు. ల్యాబ్ రిపోర్టులో దాని పక్కనే అచ్చయిన ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడకడతాయన్న అంచనా, 56. కానీ ఆ 56 అన్నది 1.73 చదరపు మీటర్ల శరీర వైశాల్యం ఉన్న మనిషికి కట్టిన లెక్క. మన రోగి బరువు 48 కిలోలు, ఎత్తు 160 సెంటీమీటర్లు, వైశాల్యం 1.46 చదరపు మీటర్లు. అతని ఒంటికి మార్చి చూస్తే ఆ 56 కాస్తా 47 అవుతుంది. వయసు, బరువులను కూడా లెక్కలోకి తీసుకునే కాక్‌క్రాఫ్ట్ సూత్రంతో కడితే 39 వచ్చింది. కండ తగ్గి చిక్కిపోయిన మనిషిలో క్రియాటినిన్ పుట్టుకే తక్కువగా ఉంటుంది కాబట్టి, రక్తపరీక్షను బట్టి వేసే అంచనా కిడ్నీని ఉన్నదానికంటే మెరుగ్గా చూపించే ప్రమాదం ఉంది. అందుకే విశాఖపట్నం పంపి డీటీపీఏ స్కాన్‌తో నేరుగా కొలిపించాం. నిమిషానికి 44 మిల్లీలీటర్లు వచ్చింది. తర్వాతి నిర్ణయాలన్నీ ఈ అంకె మీదే నిలిచాయి.

మందుల ఎంపిక

ఈ క్యాన్సర్‌లో మందుల చరిత్ర బ్లియోమైసిన్‌తో మొదలవుతుంది. జపాన్‌లో ఉమెజావా కనుగొన్న ఆ మందును ఇచికావా 1969లో పురుషాంగ క్యాన్సర్‌కు వాడి ఫలితాలను ప్రకటించాడు. తర్వాత మిలాన్‌లో పిజ్జొకారో బృందం విన్‌క్రిస్టిన్, బ్లియోమైసిన్, మెథోట్రెక్సేట్‌లను కలిపి ఇచ్చింది. అమెరికాలో సిస్‌ప్లాటిన్, మెథోట్రెక్సేట్, బ్లియోమైసిన్ కలయికను పరీక్షించి 1999లో ప్రకటించిన ఫలితాల్లో, లెక్కకు వచ్చిన 40 మందిలో 32.5 శాతానికి గడ్డ తగ్గింది, అయితే చికిత్స వల్లనే అయిదుగురు చనిపోయారు. ఆ మూడు మందులనూ కిడ్నీ కోణం నుంచి చూడండి. సిస్‌ప్లాటిన్ కిడ్నీ నాళికలను నేరుగా దెబ్బతీస్తుంది. మెథోట్రెక్సేట్, బ్లియోమైసిన్ రెండూ కిడ్నీల గుండానే పోతాయి. అవి పోవడం ఆలస్యమైతే మొదటిది ఎముక మజ్జనూ నోటినీ, రెండోది ఊపిరితిత్తులనూ దెబ్బతీస్తాయి. జీవితమంతా చుట్ట తాగిన మనిషి ఊపిరితిత్తుల మీద బ్లియోమైసిన్ ప్రయోగించడం నా దృష్టిలో సమర్థించుకోలేని పని. ఈ కలయికను ఎవరికీ ఇవ్వవద్దనే ఇప్పటి మార్గదర్శకాల మాట కూడా.

ఇప్పుడు ముందువరుసలో ఉన్నది టీఐపీ అనే మూడు మందుల కలయిక. పాక్లిటాక్సెల్ 175 మిల్లీగ్రాములు మొదటి రోజు, ఐఫాస్ఫమైడ్ 1200, సిస్‌ప్లాటిన్ 25 చొప్పున మూడు రోజులు, అన్నీ చదరపు మీటరుకు, 21 రోజులకొకసారి నాలుగు సైకిళ్లు. పాగ్లియారో బృందం అమెరికాలోని ఎం.డి. ఆండర్సన్ క్యాన్సర్ కేంద్రంలో 30 మందికి ఇలా ఇచ్చి 2010లో ఫలితాలు ప్రకటించింది. 15 మందిలో గడ్డ గణనీయంగా తగ్గింది. 22 మంది ఆపరేషన్ వరకు వచ్చారు, వారిలో ముగ్గురి గ్రంథుల్లో జీవించి ఉన్న క్యాన్సర్ ఏమీ మిగలలేదు. మధ్యస్థంగా 34 నెలలు గమనించాక 9 మంది జబ్బు తిరగబెట్టకుండా జీవించి ఉన్నారు. ప్రపంచమంతా అనుసరిస్తున్న చికిత్సకు ఆధారం ఈ ముప్పై మందేనన్నది మరచిపోకూడదు. దాన్ని వేరొక చికిత్సతో పోల్చి చూసిన అధ్యయనం కూడా కాదది. ముందు కీమో ఇవ్వడం, కీమోరేడియేషన్ ఇవ్వడం, నేరుగా ఆపరేషన్ చేయడం అనే మూడింటినీ లాటరీ పద్ధతిలో పోల్చే ఇన్‌పాక్ట్ అనే అంతర్జాతీయ పరీక్ష 2017లో గాని మొదలు కాలేదు. ఇంత అరుదైన జబ్బుకు రోగులు దొరకడమే కష్టం. మన దేశంలో ఇది పాశ్చాత్య దేశాల కంటే ఎక్కువగా కనిపిస్తుంది కాబట్టి, ఇటువంటి పరీక్షల్లో మన జిల్లాల రోగులు కూడా చేరే వీలు కలగాలని గట్టిగా కోరుకుంటున్నాను.

మన రోగికి టీఐపీ ఇవ్వవచ్చా? సిస్‌ప్లాటిన్ మూడు రోజులకు పంచి ఇచ్చినా సైకిల్‌కు చదరపు మీటరుకు 75 మిల్లీగ్రాములు, నాలుగు సైకిళ్లకు 300 అవుతుంది. నిమిషానికి 44 మిల్లీలీటర్లు వడకట్టే కిడ్నీకి అది మోయరాని బరువు. ఐఫాస్ఫమైడ్ సంగతి ఇంకా క్లిష్టం. దాంతోపాటు మెస్నా అనే రక్షక మందు ఇస్తే మూత్రాశయం నుంచి రక్తం రాకుండా ఆగుతుంది గాని కిడ్నీ నాళికలకు ఆ రక్షణ అందదు. కిడ్నీ తగ్గి, ఆల్బుమిన్ కూడా తక్కువగా ఉన్నవారికి అదే మందు మెదడు మీద పనిచేసి మగత, అయోమయం, మూర్ఛలు తెప్పించగలదు. మన రోగికి ఆ రెండూ ఉన్నాయి. డోసు తగ్గించి టీఐపీ ఇద్దామన్న సూచన వివిధ విభాగాల వైద్యులు కలిసి కూర్చునే మా ట్యూమర్ బోర్డు చర్చలో వచ్చింది. నేను ఒప్పుకోలేదు. డోసు తగ్గిస్తే ఫలితం ఎంత తగ్గుతుందో చెప్పే లెక్క లేదు, కిడ్నీకి ప్రమాదం మాత్రం అలాగే ఉంటుంది.

డోసిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, 5-ఎఫ్‌యూ కలయికను బ్రిటన్‌లో 29 మందిపై పరీక్షించి 2013లో ప్రకటించారు. 38.5 శాతానికి గడ్డ తగ్గింది, ముగ్గురిలో ఇద్దరికి తీవ్రమైన దుష్ప్రభావాలు వచ్చాయి, ముందుగా పెట్టుకున్న లక్ష్యాన్ని అది అందుకోలేదు. సిస్‌ప్లాటిన్, ఇరినోటెకాన్ కలయికలో స్పందన 30.8 శాతం. వీటన్నిటిలోనూ సిస్‌ప్లాటిన్ ఉంది. అది లేకుండా పాక్లిటాక్సెల్ ఒక్కటే ఇచ్చిన అధ్యయనం, ముందు కీమో తీసుకున్నా జబ్బు పెరిగిన 25 మందిపై ఇటలీలో జరిగింది, 20 శాతం మంది స్పందించారు. పాక్లిటాక్సెల్ కాలేయం ద్వారా పోయే మందు కాబట్టి కిడ్నీ కోసం దాని డోసు తగ్గించనక్కరలేదు.

మిగిలిన దారి పాక్లిటాక్సెల్‌కు, సిస్‌ప్లాటిన్ కుటుంబానిదే అయినా కిడ్నీకి తక్కువ హాని చేసే కార్బోప్లాటిన్ కలపడం. ఈ క్యాన్సర్‌లో దానికి చిన్న చిన్న నివేదికల బలం తప్ప పెద్ద ఆధారం లేదు. అందుకని దగ్గరి బంధువు వంటి జబ్బు వైపు చూశాను. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కూడా ఎక్కువగా స్క్వామస్ రకమే. అందులో ముదిరిన దశలో పాక్లిటాక్సెల్-కార్బోప్లాటిన్‌ను పాక్లిటాక్సెల్-సిస్‌ప్లాటిన్‌తో పోల్చిన జపాన్ పరీక్షలో 253 మంది పాల్గొన్నారు. మొత్తం మీద ఆయుర్దాయం దాదాపు సమానంగా, 17.5 నెలలు, 18.3 నెలలుగా వచ్చింది. కానీ అంతకు ముందు సిస్‌ప్లాటిన్ ఎన్నడూ తీసుకోని వారిని విడదీసి చూస్తే కార్బోప్లాటిన్ వెనుకబడింది, 13 నెలలు మాత్రమే, రెండో వైపు 23.2. మన రోగి ఆ కోవలోకే వస్తాడు. ఈ సంగతి దాచకుండా అతనికీ భార్యకూ చెప్పాం. సిస్‌ప్లాటిన్ బలమైనదే గాని డయాలిసిస్ దాకా తీసుకుపోవచ్చని, కార్బోప్లాటిన్ కొంత తక్కువ బలమైనదని, అది పనిచేయకపోతే ఆపరేషన్‌కు వీలుండకపోవచ్చని చెప్పాం. ఊళ్లో డయాలిసిస్‌కు తిరిగే మనుషులను రోజూ చూసే కుటుంబం అది. వారికి ఆ మాట అర్థం చేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఇమ్యునోథెరపీ గురించి కూడా మాట్లాడాం గాని, లక్షల్లో ఉండే ఆ ఖర్చును ఈ దశలో, ఇంత తక్కువ ఆధారంతో వారి మీద వేయడం సరికాదనిపించింది.

కార్బోప్లాటిన్‌లో ఒక సౌలభ్యం ఉంది. దాని డోసును శరీర వైశాల్యంతో కాక కిడ్నీ వడపోతతో కడతారు. కాల్వర్ట్ సూత్రం ప్రకారం ఏయూసీ, అంటే రక్తంలో మందు మొత్తం మీద ఎంత అందాలన్న లక్ష్యం, 5 కావాలంటే, 44కు 25 కలిపి అయిదుతో గుణిస్తే 345 మిల్లీగ్రాములు. ల్యాబ్ రిపోర్టులోని 56ను యథాతథంగా వేసి ఉంటే 405 అయ్యేది. ఆ అరవై మిల్లీగ్రాముల తేడా, ఎముక మజ్జ తట్టుకోవడానికీ తట్టుకోలేకపోవడానికీ మధ్య తేడా కావచ్చు. పాక్లిటాక్సెల్ 255 మిల్లీగ్రాములు, మూడు గంటలలో.

చికిత్స సాగిన తీరు

మొదటి సైకిల్ తర్వాత కాల్షియం మామూలు స్థాయికి వచ్చింది, పుండు వాసన తగ్గింది. రెండో సైకిల్ తర్వాత న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు 700కు పడిపోయాయి, జ్వరం రాలేదు. ఆపై ప్రతి సైకిల్‌కూ తెల్లకణాలను పెంచే ఇంజెక్షన్ ఇచ్చాం. రెండు సైకిళ్లకు కుడి గ్రంథి 3.8 సెంటీమీటర్లకు, నాలుగింటికి 2.4కు తగ్గింది, కటిలోని గ్రంథి 0.7కు కుంచించుకుపోయింది. క్రియాటినిన్ మొత్తం కాలంలో 1.4, 1.6 మధ్యనే ఉంది. ఒక్కరోజులో ముగిసే చికిత్స కావడం వల్ల సోంపేటలో రైలెక్కి వచ్చి వెళ్లడం సాధ్యమైంది. కీమో ఖర్చు ఎన్టీఆర్ వైద్యసేవ కింద వెళ్లింది.

ఈ ప్రాంతంలో కీమో ఇచ్చే ప్రతి వైద్యుడూ చేయాల్సిన పని ఒకటి ఉంది. రోగి ఊరి ఆర్‌ఎంపీకి తెలుగులో ఉత్తరం రాసి పంపాం. జ్వరం 100.4 దాటితే వెంటనే మా దగ్గరికి పంపమని, డైక్లోఫెనాక్ ఇంజెక్షన్ గాని, జెంటామైసిన్, అమికాసిన్ గాని వేయవద్దని అందులో కోరాం. జ్వరానికీ నొప్పికీ పల్లెల్లో సాధారణంగా పడే ఇంజెక్షన్లు ఇవే, మిగిలిన కాస్త కిడ్నీని తినేసేవీ ఇవే. అతను ఆ మాట నిలబెట్టాడు, మధ్యలో రెండుసార్లు ఫోన్ చేసి అడిగాడు కూడా.

మూడో సైకిల్ తర్వాత అరికాళ్లు, వేళ్లు తిమ్మిరెక్కాయి. పాక్లిటాక్సెల్ వల్ల వచ్చే నరాల దెబ్బ ఇది. కూర్చుని పనిచేసే మనిషికి ఇది ఇబ్బంది, కొబ్బరి చెట్టెక్కే మనిషికి ప్రాణగండం. "సెట్టెక్కనేకపోతే నాను తినేదేటి బాబూ" అన్నాడు. నాలుగో సైకిల్‌లో పాక్లిటాక్సెల్‌ను చదరపు మీటరుకు 135కు తగ్గించాం. కణితి అప్పటికే బాగా తగ్గి ఉండటం వల్ల ఆ నిర్ణయం తీసుకోగలిగాను. చెట్లెక్కవద్దని అతని కొడుకు ముందు ఖచ్చితంగా చెప్పాం. చేయి వేళ్ల తిమ్మిరి తర్వాత చాలావరకు తగ్గింది, కాళ్లది పూర్తిగా పోలేదు. ఇప్పుడు కాయ వలుపు పని చేస్తున్నాడు. కీమో దుష్ప్రభావాల పట్టికలో రెండో గ్రేడు అని రాసుకునే ఒక లక్షణం ఇక్కడ ఒక మనిషి వృత్తినే మార్చింది. అరికాలి స్పర్శను గురించి మొదటి సైకిల్ నుంచే అడగడం అవసరం.

చివరి సైకిల్ అయిన అయిదు వారాలకు విశాఖపట్నంలో ఆపరేషన్ జరిగింది. పురుషాంగాన్ని పాక్షికంగా తొలగించి, రెండు గజ్జల గ్రంథులనూ, కుడి కటి గ్రంథులనూ తీశారు. కుడి గజ్జలోని 12 గ్రంథుల్లో రెండింట జీవించి ఉన్న క్యాన్సర్ ఉంది, ఒకదానిలో అది గ్రంథి పొర దాటింది. కటి గ్రంథుల్లో ఏమీ మిగలలేదు. ఎడమ వైపు పది గ్రంథుల్లోనూ బతికిన క్యాన్సర్ లేదు గాని, ఒకదానిలో కెరాటిన్, మచ్చకణజాలం కనిపించాయి. అంటే అక్కడా క్యాన్సర్ ఉండేది, మొదట సూది పరీక్షకు దొరకలేదు, కీమోకు చచ్చిపోయింది. సూది పరీక్ష నెగటివ్ వచ్చినంత మాత్రాన ఆ గజ్జను వదిలేయకూడదనడానికి ఇది మంచి ఉదాహరణ. కుడి గజ్జ కుట్ల అంచున చర్మం కొంత కుళ్లి మానడానికి వారాలు పట్టింది. ఈ ఆపరేషన్‌లో అది తరచూ జరిగేదే.

పొర దాటిన గ్రంథి ఉన్నందున కుడి గజ్జకు, కటికి 50 గ్రే రేడియేషన్ ఇచ్చారు. దాంతోపాటు సిస్‌ప్లాటిన్ ఇవ్వలేదు. కుడి కాలు కొంత వాచింది. ఊరివాళ్లు బోదకాలు వచ్చిందనుకున్నారు, ఆశా కార్యకర్త ఆ మాత్రలు కూడా ఇచ్చింది. ఇది వేరని ఆమెకు వివరించి, కట్టు కట్టే పద్ధతి భార్యకు నేర్పాం. భార్యకు గర్భాశయ ముఖద్వార పరీక్ష కూడా చేయించాం, మామూలుగా ఉంది.

ఆపరేషన్ అయిన 14 నెలలకు తీసిన స్కాన్‌లో జబ్బు ఆనవాళ్లు లేవు, క్రియాటినిన్ 1.6. ఈ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే తిరగబెడుతుంది కాబట్టి దీన్ని నయమైన కేసుగా నమోదు చేయలేదు. ఒక్క రోగిలో వచ్చిన ఈ ఫలితంతో కార్బోప్లాటిన్ సిస్‌ప్లాటిన్‌కు సమానమని అనడానికీ వీల్లేదు. కిడ్నీ వడపోత 60 దాటి ఉన్న రోగి రేపు వస్తే నేను టీఐపీనే ఇస్తాను. ఈ రోగికి మాత్రం మూడు నెలలకొకసారి గజ్జల పరీక్ష, ఆరు నెలలకొకసారి స్కాన్, ప్రతిసారీ క్రియాటినిన్, కాల్షియం చూస్తున్నాం. కాల్షియం మళ్లీ పెరిగితే స్కాన్ గడువు కోసం ఆగకుండా వెంటనే తీయాలని కేసు షీటు మీద రాసి ఉంచాం. జబ్బు తిరిగి వస్తే, కాలి తిమ్మిరి వల్ల పాక్లిటాక్సెల్ వంటి టాక్సేన్ మందులను మళ్లీ వాడలేము కాబట్టి, ఇమ్యునోథెరపీ పనికొచ్చే అవకాశాన్ని సూచించే పీడీ-ఎల్1 పరీక్షను మొదటి కణితి నుంచి దాచిన నమూనా మీద ఇప్పుడే చేయించి సిద్ధంగా ఉంచాం.